క్యారెట్ కామెర్లు

ఒకడి ఉద్యోగం పోగొట్టాలంటే సాధారణంగా ఆకాశరామన్న ఉత్తరం రాస్తారు, లేదా యజమాని చెవిలో నాలుగు మాటలు ఊదుతారు. నేను మాత్రం క్యారెట్లతో పోగొట్టాను. అది కూడా శత్రువుది కాదు, నాకు అన్నం పెట్టిన స్నేహితుడిది. అతనికి మేలు చేయాలన్న తొందరలో షేర్ ఆటో కోసం కూడా ఆగకుండా, రొప్పుకుంటూ, చెమటలు కక్కుకుంటూ పరుగెత్తుకెళ్ళి మరీ పోగొట్టాను. నవ్వొస్తే నవ్వండి, నవ్వొచ్చేలాగే చెబుతాను. చివర్లో నోరు చేదైతే మాత్రం నన్ననకండి. ఆ చేదు ఇన్నేళ్ళుగా నా నోట్లో అలాగే ఉంది.

అప్పుడు నేను ఒక తెలుగు దినపత్రికకు సూరత్ విలేకరిని. సూరత్‌లో తెలుగు పత్రికేమిటని ఆశ్చర్యపోకండి. లింబాయత్ గల్లీల్లో ఒక మగ్గం ఆగితే పక్క మగ్గం మీంచి "ఏందిరా, పోగు తెగిందా?" అని తెలుగులోనే వినిపిస్తుంది. ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి వచ్చి మగ్గాల మీద బతికే వాళ్ళ కోసం మా పత్రిక వారానికి ఒక పేజీ వేసేది. ఆ పేజీలో పెళ్ళిళ్ళు, సంఘం మీటింగులు, రైళ్ళ రద్దీ గురించి వార్తలుండేవి. మిగతాదంతా ప్రకటనలు. ప్రకటన రాని వారం పేజీలో బొక్క పడేది. ఆ బొక్క పూడ్చడం నా పని.

డెస్కు నుంచి ఫోనొచ్చేది.

"ఏమయ్యా, నాలుగంగుళాలు ఖాళీగా ఉంది. ఒక కూరగాయ పంపు."

"ఏ కూరగాయ పంపమంటారు సార్?"

"నాలుగంగుళాల్లో పట్టేది."

అలా పుట్టింది నా శీర్షిక, 'కాయా పండా'. ఖాళీ చిన్నదైతే నిమ్మకాయ, పెద్దదైతే గుమ్మడికాయ. ఒకసారి పేజీ పక్కన పైనుంచి కిందదాకా సన్నటి సందు మిగిలితే పొట్లకాయ రాశాను. జామకాయలో సి విటమిన్ నారింజలో కంటే ఎక్కువని, దోసకాయలో ముప్పాతిక మువ్వీసం నీళ్ళేనని, టమాటా శాస్త్రం ప్రకారం కూరగాయ కాదు పండని, మునగాకును ఆకు కింద తీసిపారేయొద్దని రాశాను. ఇవన్నీ నిజాలే. ప్రమాదమంతా అక్కడే ఉంది. వరుసగా నిజాలు రాసేవాడు ఒకసారి అబద్ధం రాస్తే ఎవరూ పట్టుకోరు, రాసినవాడితో సహా.

బీట్‌రూట్ రాసిన వారం ఒక మగ్గం కార్మికుడు పొద్దున్నే ఫోన్ చేసి ఏడ్చాడు.

"సారూ, ఎర్రగ పోతుంది. నా పని అయిపోయింది. ఇంటికాడ చెప్పున్రి."

"నిన్న బీట్‌రూట్ తిన్నావా?"

"మీరు రాసినంక తినకుంట ఉంటమా?"

"ఆ రంగే అది. కొందరికి అలా దిగుతుంది. రేపటికి తగ్గిపోతుంది, భయపడకు."

మర్నాటికి తగ్గిపోయింది. నా పేరు మాత్రం పెరిగిపోయింది. చాయ్ లారీ (సూరత్‌లో తోపుడు బండిని లారీ అంటారు) దగ్గర నిలబడితే "కూరగాయల సారొచ్చిండు, చెక్కర ఎక్కువెయ్యి" అనేవాళ్ళు. ప్రెస్ కార్డుకు దక్కని మర్యాద వంకాయకు దక్కింది. ఆ మర్యాద నా నెత్తికెక్కి అక్కడే కాపురం పెట్టింది.

తర్వాత క్యారెట్ వారం వచ్చింది.

క్యారెట్‌కు ఆ రంగునిచ్చే పదార్థాన్ని మన ఒళ్ళు ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది. ఆ విటమిన్ కరువైతే రేచీకటి వస్తుంది. కొంచెం నూనెతో వండితే ఒంటికి ఇంకా బాగా పడుతుంది. ఇంతవరకు రాశాను. ఇంతవరకు నిజం. కానీ ఒక అంగుళం మిగిలింది. ఆ ఒక్క అంగుళం ఖాళీగా పంపడానికి మనసొప్పలేదు. కలం ఊపులో ఉంది. "రోజూ క్యారెట్ తినేవారికి కళ్ళజోడు అవసరమే రాదు. పెట్టుకున్నవారు కూడా తీసి పక్కన పెట్టవచ్చు" అని రాసి, నా కళ్ళజోడు సర్దుకుని పంపించాను. డెస్కు వాళ్ళు 'కళ్ళజోడుకు సెలవు' అని శీర్షిక పెట్టారు. కంటి డాక్టర్ల కడుపు మీద కొట్టానని ఆ వారమంతా మురిసిపోయాను.

సత్తయ్య అప్పుడొచ్చాడు. నవాగామ్‌లో ఒక్క గదిలో భార్య భూలక్ష్మితో ఉంటూ, లింబాయత్‌లో మన్‌సుఖ్‌భాయ్ అనే సేఠ్ దగ్గర మగ్గాలు నడిపేవాడు. పెళ్ళికాని విలేకరిగా నేను ఎన్ని ఆదివారాలు వాళ్ళింట్లో జొన్నరొట్టె తిన్నానో చెప్పలేను. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. చాయ్ లారీ దగ్గర నన్ను చూసి పక్కకు పిలిచాడు.

"సారూ, గా గాజర్ ముచ్చట నిజమేనా?"

"పేపర్లో పడిందంటే అబద్ధమెందుకవుతుంది సత్తయ్యన్నా?"

"అంటే అద్దాలు గిట్ల లేకుంట కండ్లు బాగయితయా?"

"ఎవరి కళ్ళకేమైంది?"

అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"నాకే సారూ. దూరంది మంచిగనే అవుపడ్తది. గా రైలు పట్టాల అవుతల మేక మేస్తుంటె చెవులు లెక్కపెడ్త. కని చేతిల ఉన్న పోగు అవుపడ్తలేదు. తెగిన పోగు అతకాలంటె చెయ్యి గింత దూరం పెట్టి చూస్తున్న. చెయ్యి ఇంకింత పొడుగుంటె బాగుండనిపిస్తంది. మొన్న తాకాల డేమేజ్ పడ్డది. సేఠ్ బట్ట చూసిండు, నన్ను చూసిండు, ఏమనలే."

తాకా అంటే మగ్గం మీంచి దిగే బట్ట చుట్ట. అందులో తెగిన పోగు చార పడితే ఆ బట్ట విలువ పడిపోతుంది.

"మరి కళ్ళ డాక్టరు దగ్గరికి పోరాదూ?"

"పోతె అద్దాలు రాస్తడు. అద్దాలు పెట్టుకొని మా గల్లీల మగ్గం మీదికి పోతె సేఠ్‌లు దించేస్తరు. చూపు తగ్గినోనికి మగ్గం ఇయ్యరు సారూ, బాబిన్లు చుట్టుమంటరు. నాకు మగ్గం దప్ప ఇంకో పని రాదు. మగ్గం పోతె నేనేంది? ఎవలకు చెప్పకున్రి, మీకు దండం పెడ్త."

"నేను పత్రికవాణ్ని. కడుపులో పెట్టుకోవడమే నా పని" అన్నాను గంభీరంగా. పత్రికవాడి కడుపులో దాచిన విషయం మర్నాడు ఊరంతా చదువుతుందన్న సంగతి మా ఇద్దరికీ ఆ క్షణంలో తట్టలేదు.

"అయితె గాజర్లే తినమంటరా?"

అప్పుడైనా, "ఆ చివరి అంగుళం నేను ఊపులో రాశాను, నమ్మకు" అని ఉండాల్సింది. శీర్షిక మీద మమకారం అడ్డొచ్చింది. కన్నబిడ్డ దొంగతనం చేసినా తల్లి ఒప్పుకోనట్టు, "తిను, నీకే తెలుస్తుంది" అన్నాను.

తిన్నాడు. మామూలుగా కాదు. ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్తే గుమ్మంలోనే భూలక్ష్మి ఎదురైంది. ఆమెకు మాట కరువు లేదు. భర్త దాచుకున్న మాటలన్నీ ఆమె వాడుకునేది.

"రాండ్రి సారూ, రాండ్రి. గాజర్ కూరేస్తనా, గాజర్ పచ్చడేస్తనా, గాజర్ చారేస్తనా? పడుకున్నంక గూడ కర్రుకర్రున కొరుకుతుండు. ఎలుకలు జొర్రినయని లేచి చీపురు దీస్కున్న. చూస్తె మొగుడు!"

"రోజుకు ఒకటో రెండో చాలమ్మా" అన్నాను.

"ఒకటి తింటె ఇంత మేలైతె సంచెడు తింటె ఎంత మేలైతదని ఈయన లెక్క. అవుగని సారూ, ఒక్క ముచ్చట అడుగుత, కోపం చేయద్దు. మరి మీకు గంత మందం అద్దాలెందుకున్నయ్? మీ ఇంట్ల గాజర్లు వండరా?"

"నేను రాసేవాణ్ని భూలక్ష్మీ. తినడం చదివేవాళ్ళ పని."

"గదే అనుకున్న" అంది.

సత్తయ్య మాత్రం నవ్వలేదు. ఒక క్యారెట్ తొక్క తీయకుండా నములుతూ, గోడకున్న క్యాలెండర్‌లోని చిన్న అక్షరాలను కొండ ఎక్కేవాడు శిఖరాన్ని చూసినట్టు చూస్తున్నాడు. "నిన్నటి కంటె కొద్దిగ తేటగ అవుపడ్తున్నట్టుంది సారూ" అన్నాడు. నమ్మకం ఎంత బలమైనదో ఆ రోజు చూశాను. అబద్ధం నాది, తేటదనం అతనిది.

కొన్ని వారాలయ్యాక ఒక రోజు మన్‌సుఖ్‌భాయ్ మగ్గాల షెడ్డులో చాయ్ పంచుతుంటే సత్తయ్య గ్లాసు కోసం చెయ్యి చాచాడు. సేఠ్ ఆ చేతిని పట్టుకుని తిప్పి చూశాడు. అరచెయ్యి పసుపు దంచే రోట్లోంచి తీసినట్టుంది.

"అరే, కమళో!" అన్నాడు సేఠ్. గుజరాతీలో కామెర్లు.

సూరత్ మగ్గాల గల్లీల్లో కామెర్లకు ఉన్న గౌరవం మీకు తెలియాలి. జ్వరమొస్తే నాటకమంటారు, నడుం నొస్తే బద్ధకమంటారు. కామెర్లొస్తే మాత్రం మనిషికి ఒక హోదా వస్తుంది. ప్రతి వానాకాలం ఎవరికో ఒకరికి వచ్చే జబ్బే, తగ్గే జబ్బే. అందుకే సేఠ్‌లు సెలవిస్తారు, మనిషి చోటు మనిషికే ఉంచుతారు. మన్‌సుఖ్‌భాయ్ కూడా మర్యాదస్తుడే. ఇంటికెళ్ళి పడుకోమన్నాడు. వేయించిన శనగలు, చెరకు రసం పంపాడు. సత్తయ్య మగ్గాల మీద తాత్కాలికంగా ఒక బద్లీ కుర్రాణ్ని పెట్టాడు. "పూర్తిగా తగ్గాకే రా, నీ మగ్గాలు ఎక్కడికీ పోవు" అని మాటిచ్చాడు.

గుజరాత్ వైద్యం అలా శనగలు, చెరకు రసంతో జరుగుతుంటే, తెలంగాణ వైద్యం వెనకబడుతుందా? దిండోలి వైపు చెట్ల మందు పోసే ముసలాయన ఉన్నాడని చెప్పి ఇరుగుపొరుగు తీసుకెళ్ళారు. ఉప్పు లేదు, నూనె లేదు, పొద్దున్నే పసరు. పంపు దగ్గర అతని బిందె వేరు, గ్లాసు వేరు.

నేను పరామర్శకు వెళ్ళాను. ఇప్పుడు చెప్పబోయేది చదివి మీరు పుస్తకం విసిరికొట్టినా నేనేమీ అనుకోను.

"సారూ, కామెర్లకు ఏ కాయ మంచిది?" అని అడిగింది భూలక్ష్మి.

కూరగాయల సారు ఆలోచించాడు. కాలేయానికి తేలికైన తిండి కావాలి కదా అనుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"బొప్పాయి పెట్టండి. గుమ్మడికాయ కూడా మంచిదే. ఇక క్యారెట్ ఎలాగూ తింటున్నాడు కదా, మానొద్దు. పచ్చిదే పెట్టండి."

బొప్పాయిలోనూ గుమ్మడిలోనూ ఉన్నది అదే రంగు. మంటను ఆర్పడానికి కిరసనాయిలు తెచ్చిన ఘనుణ్ని నేను. సత్తయ్య రోజురోజుకూ పండుతున్నాడు. అరచేతులు, అరికాళ్ళు, చివరికి ముక్కు కొస. నలుగు పెట్టి కడగడం మర్చిపోయిన పెళ్ళికొడుకులా తయారయ్యాడు.

"తగ్గుడు లేదు సారూ, పెరుగుడే" అన్నాడు. "విచిత్రమేందంటె ఆకలి మస్తయితంది. రాళ్ళేసినా అరిగేటట్టుంది."

కామెర్లవాడికి అన్నం చూస్తేనే వికారం రావాలి. వార్తలో పొసగని ముక్క ఒకటి కనబడితే దాన్ని లాగి చూడాలని మాకు మొదటిరోజే నేర్పారు. నేను లాగలేదు. "అది మంచి లక్షణమే" అన్నాను.

"కని భయమైతంది సారూ. గా బద్లీ పోరడు పొద్దుగాల్నే వస్తుండట. పోగు తెగితె రెప్ప కొట్టేలోపల అతుకుతుండట. నా మగ్గాలకు అలవాటు పడుతుండు. నేను జల్ది పోకపోతె..."

ఆ మాట పూర్తి చేయలేదు. అతని చోటు జారిపోతోందన్న భయం నాకూ పట్టుకుంది. ఇక చెట్ల మందులు కాదని, ఆల్థాన్‌లో కొత్తగా తెలుగు డాక్టరమ్మ క్లినిక్ పెట్టిందని తెలిసి, దంపతులిద్దర్నీ తీసుకెళ్ళాను. ఆటోలో ఎదుటి సీటువాళ్ళు సత్తయ్య ముక్కు చూసి మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నారు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. సత్తయ్య కనురెప్ప కిందికి లాగి చూసింది. చేతులు చూసింది. మళ్ళీ కళ్ళు చూసింది. రక్తపరీక్ష చేయించింది. ఫలితం వచ్చాక అడిగింది.

"ఏం తింటున్నారండీ?"

"ఉప్పు లేకుంట, నూనె లేకుంట..." అని సత్తయ్య మొదలుపెట్టాడు.

"గాజర్లమ్మా" అంది భూలక్ష్మి. "ఆయన పేరు గిప్పుడు సత్తయ్య గాదు, గాజరయ్య. పొద్దుగాల గాజర్లు, పగటీలి గాజర్లు, గిప్పుడు సారు చెప్తె బొప్పాయి, గుమ్మడికాయ."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇవి కామెర్లు కావు. కామెర్లయితే కళ్ళలో తెల్లగుడ్డు పచ్చబడుతుంది. ఈయన కళ్ళు చూడండి, మల్లెపువ్వుల్లా ఉన్నాయి. అరచేతులు, అరికాళ్ళు మాత్రమే పచ్చబడ్డాయి. ఆ కూరగాయల రంగు చర్మంలో చేరింది, అంతే. కాలేయం బాగుంది. అవన్నీ మానేస్తే కొన్ని వారాల్లో రంగు అదే పోతుంది. ఎవరు చెప్పారు మీకు ఇన్నేసి తినమని?"

భూలక్ష్మి పైకప్పు వైపు చూసింది. సత్తయ్య తన పచ్చటి చేతుల్ని చూసుకుంటూ, నన్ను కాపాడాలనుకున్నాడేమో, "పేపర్ల వడ్డదమ్మా" అన్నాడు.

"ఇలాంటివి రాసేవాళ్ళను ఏం చేయాలో అర్థం కాదు" అంది డాక్టరమ్మ నా వైపు తిరిగి. "మీరు పత్రికలో పనిచేస్తారు కదండీ, వాళ్ళ మీద గట్టిగా ఒకటి రాయండి."

"తప్పకుండా రాస్తానండీ" అన్నాను.

ఇదిగో, ఇవాళ రాస్తున్నాను.

కళ్ళ కోసం తిన్నాడని చెప్పాక ఆమె కంటి సంగతి కూడా విడమరిచి చెప్పింది. అది చత్వారం. నలభై దాటాక కంటిలోపలి కటకం బిగుసుకుపోయి దగ్గరివి మసకబారతాయి. ఇది జబ్బు కాదు, వయసు. విటమిన్ కొరతతో వచ్చే రేచీకటి వేరు, ఇది వేరు. దీనికి క్యారెట్ కాదు, క్యారెట్ తోట తిన్నా లాభం లేదు. మామూలు కళ్ళజోడు చాలు. ఆమె తన దగ్గరున్నది ఒకటి తీసి సత్తయ్యకు పెట్టి, చేతిలో దారప్పోగు ఉంచింది. సత్తయ్య దాన్ని చూశాడు. తిప్పి చూశాడు. చాలాకాలానికి కలిసిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

"పురి గూడ అవుపడ్తుంది" అన్నాడు మెల్లగా.

బయటికొచ్చాక అతని ముఖంలో వెలుగు చూసి నాకు ఊపిరొచ్చింది. అతనికో ఉపాయం కూడా తట్టింది.

"సారూ, కొన్ని దినాలు ఈ కామెర్లు గిట్లనే ఉండనీయున్రి. అద్దాలు తెచ్చుకుంట. దినాం ఇంట్ల దారం దీస్కొని అలవాటు చేస్కుంట. రంగు పోంగనె మగ్గం మీదికి పోత. అద్దాలు జేబుల ఉంటయి. సేఠ్ ఇవుతలికి తిరిగితె లోపలికి, అవుతలికి తిరిగితె కండ్లకు. షెడ్డుల సగం మంది గట్లనే నడిపిస్తున్నరు."

"మంచి ఆలోచన" అన్నాను. అన్నాను గానీ వినలేదు. నా తలలో బద్లీ కుర్రాడు రెప్ప కొట్టేలోపల పోగులు అతుకుతున్నాడు. నా వల్ల పచ్చబడ్డ మనిషికి నా చేతులతోనే మగ్గం తిరిగి ఇప్పించాలన్న వీరావేశం పొంగుతోంది. ఇంకా లోపల, పత్రికవాడి దురద ఒకటుంది. తప్పు వార్త తిరుగుతుంటే నిజం చెప్పకుండా ఉండలేం. మన్‌సుఖ్‌భాయ్ దగ్గర తప్పు వార్త ఉంది. దానికి సవరణ వేయాలి.

మర్నాడు పొద్దున్నే, సత్తయ్యకు చెప్పకుండా, లింబాయత్‌కు పరుగెత్తాను. షెడ్డులో మగ్గాల మోత. పక్కవాడి చెవిలో అరిస్తే తప్ప వినబడదు. సేఠ్ ద్వారం దగ్గర కుర్చీ వేయించాడు. చాయ్ తెప్పించాడు. అరుపుల్లోనే హిందీలో మాట్లాడుకున్నాం.

"సేఠ్, సత్తయ్యకు కామెర్లు లేవు!"

"లేవా? అంత పచ్చగా ఉన్నాడే!"

"డాక్టరే చెప్పింది. రక్తపరీక్ష కూడా చేసింది. ఒళ్ళు ఉక్కులా ఉంది. గాజర్లు ఎక్కువ తిన్నాడు, ఆ రంగు పట్టింది, అంతే!"

సేఠ్ పడీపడీ నవ్వాడు. తొడ చరిచాడు. "అరే వాహ్! ఇంకేం, రేపే పనిలోకి రమ్మనండి" అన్నాడు.

చదువుతున్న మహాశయులారా, నేను అక్కడితో లేచి వచ్చేయాలి. కార్యం పూర్తయింది, మగ్గం దక్కింది. కానీ చాయ్ ఇంకా సగం ఉంది. అల్లం బాగా దంచి వేసిన చాయ్. నేను కూర్చున్నాను. ఎదురుగా కూర్చున్న మనిషితో ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి సేఠ్ అడిగాడు.

"మరి అన్ని గాజర్లు ఎందుకు తిన్నాడు?"

ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు. ఈ ప్రశ్నలకు జవాబు లేని వార్త వార్తే కాదని నన్ను ఏళ్ళ తరబడి రుబ్బారు. నాలుగు చెప్పాను. ఐదోది మిగిలింది. మిగిలినదాన్ని ఖాళీగా వదలడం నాకు ఎన్నడూ చేతకాలేదు.

"కళ్ళ కోసం సేఠ్! పోగులు కనబడటం లేదని!"

ఆ మోతలో వినబడాలని గొంతు చించుకుని అరిచాను. సరిగ్గా అప్పుడే పక్క మగ్గం ఆగింది. నా మాట షెడ్డు ఆ చివరిదాకా వెళ్ళింది. తలలు ఇటు తిరిగాయి. ఇద్దరు ముగ్గురి చేతులు తెలియకుండానే చొక్కా జేబుల మీదికి వెళ్ళడం చూశాను. ఆ జేబుల్లో ఏమున్నాయో నాకప్పుడు అర్థమైంది. నేనేం చేశానో కూడా అర్థమైంది.

"అచ్ఛా" అన్నాడు మన్‌సుఖ్‌భాయ్. నవ్వు ఆగిపోయింది. "కళ్ళ కోసమా."

"అంటే... చిన్న సమస్యే సేఠ్. అద్దాలు పెట్టుకుంటే..."

"అద్దాలు" అన్నాడు. మొన్నటి తాకాలోని చార అతని కళ్ళ ముందు ఆడుతోందని తెలుస్తూనే ఉంది. చాయ్ గుక్క తాగి, బద్లీ కుర్రాడి వైపు చూసి చేత్తో సైగ చేశాడు. నువ్వు అక్కడే ఉండు అని. తర్వాత నాతో ఎంతో మర్యాదగా, "మంచి పని చేశారు పత్రకార్ సాబ్. లేకపోతే నాకు తెలిసేదే కాదు" అన్నాడు.

ఇన్నేళ్ళ విలేకరి జీవితంలో నా వార్తకు దక్కిన గొప్ప మెప్పు అదే.

నవాగామ్ గదిలో సత్తయ్య కొత్త కళ్ళజోడు పెట్టుకుని మంచం కోడుకు దారం కట్టి ముళ్ళు వేస్తున్నాడు. ఒకదాని పక్కన ఒకటి, చక్కటి ముళ్ళు. సంగతి చెప్పాను. చెయ్యి ఆగింది.

"ఎందుకు పోయిన్రు సారూ?" అన్నాడు.

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

"కామెర్లయితె తగ్గేటియి" అన్నాడు దారం విప్పుతూ. "మీరు లెవ్వని చెప్పిన్రు. గంతే."

భూలక్ష్మి మాత్రం వదల్లేదు. "డాక్టరమ్మకు మీ పేరు చెప్పకుంట దాసినం, సేఠ్‌కు చూపు చెప్పకుంట దాసినం, ఇరుగుపొరుగుకు ఏడుపు చెప్పకుంట దాసినం. ఒక్క మీకే చెప్పినం సారూ. ఒక్క మీకే!"

మన్‌సుఖ్‌భాయ్ అతన్ని పూర్తిగా తీసేయలేదు. మర్యాదస్తుడని చెప్పాను కదా. బాబిన్లు చుట్టే మూలలో కూర్చోబెట్టాడు. కూలీ తక్కువ, కళ్ళతో పని లేదు. కళ్ళజోడు పెట్టుకోవచ్చని కూడా దయచేశాడు. నేను మళ్ళీ వెళ్ళి బతిమాలాను, కళ్ళజోడుతో ఒక్కరోజు చూడమన్నాను. "చూస్తున్నాను కదా సాబ్, బాబిన్లు బాగా చుడుతున్నాడు" అన్నాడు.

పత్రికలో సవరణ వేయమని డెస్కుకు ఫోన్ చేశాను.

"సవరణకు జాగా ఎక్కడిదయ్యా? క్యారెట్‌కు మంచి స్పందన వచ్చింది. ఈ వారం ఉల్లిగడ్డ పంపు."

పంపలేదు. 'కాయా పండా' అక్కడితో ఆగిపోయింది. డెస్కు వాళ్ళు ఆ ఖాళీలో జ్యోతిషం వేసుకున్నారు. దానివల్ల ఎవరికీ ముక్కు పచ్చబడిన దాఖలా లేదు.

కథ ఇక్కడితో అయినా నాకు కొంత నిద్రపట్టేది. కొన్నాళ్ళకు భూలక్ష్మి కూరగాయల బజారులో కనిపించింది. నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు. అంతకంటే తిప్పుకున్నా బాగుండేది.

"ఎట్లున్నరు సారూ? మా గల్లీ ముచ్చట ఎరుకేనా? గిప్పుడు సేఠ్‌లు అన్నం డబ్బలు తెరిచి చూస్తున్నరు. డబ్బల గాజర్ అవుపడితె చాలు, 'ఇటు రా, గీ సూదిల దారం ఎక్కించు' అంటున్నరు. గందుకని ఆడోళ్ళెవలు గాజర్ కొంటలేరు. పిల్లలకు గూడ పెడ్తలేరు, పోరగాళ్ళు పోయి తండ్రి ముంగట తింటె ఎవలన్న చూస్తరని."

ఆమె సంచిలోకి చూశాను. వంకాయలు, ఆకుకూర, టమాటాలు. పక్కనే బండి మీద క్యారెట్లు నిగనిగలాడుతూ గుట్టగా పోసి ఉన్నాయి. ఆ వీధి నుంచి వచ్చిన ఆడవాళ్ళు వాటిని దాటి పోతున్నారు. ఒక కూరగాయ గొప్పదనం గురించి రాసి, దాన్ని ఒక గల్లీ మొత్తం చేత మాన్పించిన రచయిత నేను కాక ఇంకొకరుంటే చూడాలనుంది. కరచాలనం చేస్తాను.

కాబట్టి, సూరత్ బజార్లోని సమస్త కాయగూరల సాక్షిగా, నా మందపాటి కళ్ళద్దాల మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కాయ దేనికి మంచిదని ఎవరడిగినా, ఆకలికి మంచిదని మాత్రమే చెబుతాను. ఎందుకని అడిగితే చాయ్ సగంలో వదిలేసి, లేచి వెళ్ళిపోతాను.